బెల్టు తీసి వినే మనిషి

రెండు వారాల కిందట, బుధవారం పొద్దున ఏడు దాటి ఉంటుంది. ఆదివారం ప్రార్థన కూడికకి ఏం చెప్పాలా అని పరిశుద్ధ గ్రంథం తెరిచి కూర్చున్నాను. ఫోను మోగింది. ఉస్తాద్ వాళ్ళావిడ.

"తమ్మీ, మీ అన్న లేడు" అంది.

ఏ అన్న అని అడగబోయి ఆగాను. నన్ను తమ్మీ అని పిలిచే ఇల్లు ఈ హైదరాబాదులో అదొక్కటే.

"చాయ్ తాగుత అన్నడు. గ్లాసు చేతికిచ్చిన. తాగలే" అంది. చావు కబురు వింటే చెప్పడానికి నా దగ్గర పది వచనాలు ఎప్పుడూ నాలుక మీదే ఉంటాయి. ఎన్ని ఇళ్ళలో చెప్పాను! ఆ పూట ఒక్కటీ రాలేదు. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని, ఆవిడ ఇంట్లో ఎవరో పాత్రలు జరుపుతున్న చప్పుడు వింటూ కూర్చున్నాను.

మన ఈ చిన్న పత్రిక చదివేవాళ్ళలో సగం మందికి ఆయన తెలుసు. మిగతా సగం కోసం చెబుతాను. కృష్ణానగర్ సందులు దాటి ఫిల్మ్ నగర్ వైపు ఎక్కే దారిలో ఒక రేకుల షెడ్డు ఉంది. అందులో ఇరవై ఏళ్ళుగా బండ్లు బాగుచేసిన మెకానిక్ ఆయన. అందరికీ ఉస్తాద్. నాకు అన్న. పేరు రాయడం లేదు. రాయొద్దని వదిన మాట తీసుకుంది. ఎందుకో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. ఇది ఆయన్ని పొగడటానికి మాత్రమే రాస్తున్నది కాదు. నా తప్పు ఒకటి ఉంది ఇందులో. దాన్ని దాచి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాస్తే అబద్ధ సాక్ష్యం అవుతుంది.

ఉస్తాద్ అంటే ఫిల్మ్ నగర్‌లో ఒకటే పేరు: చెవి. ఇంజన్ పోయిందన్నా, గేరు పడటం లేదన్నా ఊళ్ళో వంద మంది ఉన్నారు. "ఏదో చప్పుడొస్తోంది, ఎక్కడో తెలియడం లేదు" అంటే మాత్రం ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఇప్పుడు షూటింగుల్లో మాటలు అక్కడికక్కడే రికార్డు చేస్తున్నారు కదా. షాట్‌లో నడిచే కారు కుయ్ మంటే షాట్ మళ్ళీ తీయాలి. అందుకని ప్రొడక్షన్ మేనేజర్లు షూటింగుకి ముందు బండి తెచ్చి ఆయన ముందు పెట్టేవాళ్ళు. ఆయన ఒక పొడుగాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించి కళ్ళు మూసుకునేవాడు. ఆ స్క్రూడ్రైవర్ ఎర్రగడ్డ ఆదివారం అంగట్లో పాత సామాన్ల కుప్పలో దొరికిందట. "దీంతో పెండ్లయి పదిహేనేండ్లాయె" అనేవాడు. పక్కనే వదిన ఉంటే, "మరి నాతోని?" అనేది. "నీతోని గింత సప్పుడు లేకుండ ఉంటదా?" అనేవాడు.

బండి బాగయ్యాక ఓనరుతో ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. ఎంత పాత డొక్కు బండి అయినా చెప్పులు బయటే విప్పి ఎక్కేవాడు. ఓనర్లు మర్యాద అనుకుని మురిసిపోయేవాళ్ళు. నేనూ అలాగే అనుకున్నాను చాలా రోజులు.

నేను ఆయన దగ్గరికి వెళ్ళడానికి కారణం సైతాను.

నవ్వకండి. మూడేళ్ళ కిందటి మాట. మన కూడిక కోసం అప్పుడే ఒక పాత వ్యాను కొన్నాం. పైన రెండు హారన్ స్పీకర్లు కట్టాం. శనివారం సాయంత్రాలు కృష్ణానగర్ మూల మీద ఆపి వాక్యం చెప్పేవాణ్ణి. బ్యాటరీ ఆగదని ఇంజన్ ఆన్‌లోనే ఉంచేవాళ్ళం. రెండు వారాలు బాగానే గడిచాయి. మూడో వారం బానెట్ కింద ఒక గురగుర మొదలైంది. దానితోపాటు స్పీకర్లలో ఒక ఏడుపు. సన్నగా, పిల్లి గొంతులాగా. ఇంజన్ వేగం పెంచితే ఏడుపూ పెరిగేది. నేను సరిగ్గా పశ్చాత్తాపం గురించి చెప్పే చోట గొంతు పెంచడం, డ్రైవింగు సీట్లో ఉన్న సహోదరుడు బ్యాటరీ పడిపోకూడదని ఆక్సిలరేటర్ తొక్కడం, వెంటనే ఆ ఏడుపు లేవడం. ఇంకేం అనుకోవాలి?

గద్దించాను. మైకులోనే, అందరి ముందు, ఆ శబ్దాన్ని ప్రభువు నామంలో గద్దించాను. అది తగ్గలేదు. మూడు శుక్రవారాలు ఉపవాసం ఉన్నాం. సహోదరీలు నలుగురు బానెట్ మీద చేతులుంచి ప్రార్థించారు. ఇంజన్ వేడికి ఒకామె చెయ్యి కాలింది కూడా. ఇంకో మెకానిక్ బెల్టు మీద ఏదో మందు కొట్టాడు. రెండు రోజులు ఊరుకుని మళ్ళీ మొదలైంది. ఆ రెండు రోజులకే నేను జయగీతం పాడించాను.

చివరికి ఎవరో చెబితే వ్యాను షెడ్డుకి తీసుకెళ్ళాను.

"ఎన్ని దినాలాయె?" అన్నాడు ఉస్తాద్, నా ముఖంలోకి సూటిగా చూస్తూ.

"నెల అయిందండీ."

"నెల సంది ఏం జేసిన్రు?"

"ప్రార్థన."

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మంచిదే" అన్నాడు. "ఇంకేమన్న?"

"ఇది శత్రువు పని అని నా అనుమానం" అన్నాను. నాకు సిగ్గు లేదు. నేను నమ్మిందే చెప్పాను.

"అయ్యుండొచ్చు పాస్టర్ సాబ్. ముందు బెల్టు తీసి చూద్దాం. బెల్టు తీసినంక గూడ అరిస్తే నీ దగ్గరికే పంపిస్త."

నేను పాస్టర్ని కానని, ఏ దైవశాస్త్ర కళాశాల గడపా తొక్కలేదని, డబ్బింగ్ థియేటర్లలో గుంపు అరుపులు అరిచి బతికినవాణ్ణని, ఒక్కడినే కూర్చుని అక్షరం అక్షరం చదువుకుని ఈ పనిలోకి వచ్చానని చెప్పాను. అంతా విని, "అరిచేటోనివే గద. సరిపాయె" అన్నాడు.

ఆ రోజు చూసింది నేను తర్వాత ఎన్ని ప్రసంగాల్లో వాడుకున్నానో. బెల్టు వదులు చేసి తీసి, గోడకున్న మేకుకి తగిలించాడు. ఇంజన్ ఆన్ చేయమన్నాడు. "ఒక్క నిమిషమే. నీళ్ళ పంపు గూడ ఈ బెల్టుతోనే తిరుగుతది, ఎక్కువసేపు ఉంచితే ఇంజన్ ఉడుకుతది." స్క్రూడ్రైవర్ చెవి వెనక పెట్టుకుని నిలబడ్డాడు. గురగుర లేదు. ఇంజన్ ఒక్కటే తన మానాన తను కొట్టుకుంటోంది. చెయ్యెత్తి ఆపమన్నాడు.

"ఇంజన్ తప్పు కాదు" అన్నాడు. "బెల్టు తిప్పేటియి రెండే ఉన్నయ్. పంపు, డైనమో." ఆల్టర్నేటర్‌ని ఆయన డైనమో అనే అనేవాడు. పంపు చక్రం చేత్తో తిప్పాడు. మెత్తగా తిరిగింది. "ఇది గూడ కాదు." తర్వాత నా చెయ్యి పట్టుకుని ఆల్టర్నేటర్ చక్రం మీద పెట్టాడు. తిప్పాను. లోపల ఇసుక నములుతున్నట్టు వేళ్ళకి తెలిసింది.

"ముందుగాల ఎవని తప్పు కాదో తెలుసుకోవాలె పాస్టర్ సాబ్. గట్ల ఒక్కొక్కన్ని ఇడిసిపెట్టుకుంట పోతే తప్పు ఎవనిదో వాడే చెప్తడు. నువ్వు మొదలే సైతాన్‌ని పట్టుకున్నవ్."

లోపల చక్రాన్ని తిప్పే బేరింగు అరిగింది, గురగుర సంగతి అది. స్పీకర్లలో ఏడుపు వేరే అన్నాడు. బెల్టు మళ్ళీ ఎక్కించి, ఇంజన్ ఆన్ చేసి, హెడ్‌లైట్లు వేయించాడు. హారన్ అంచు మీద రెండు వేళ్ళు ఆనించి, "ఇప్పుడు పెరిగిందా?" అని నన్ను అడిగాడు. పెరిగింది. "లైటేస్తే పెరిగిందంటే డయోడ్ పోయినట్టు. డైనమో కరెంటు అలలు అలలు వస్తది. సాపు జేసేటియి లోపల ఉంటయ్. ఒకటి సచ్చింది. గా అలనే నీ మైకుల ఏడుస్తుంది."

పెరిగిందో లేదో ఆయన నన్నెందుకు అడిగాడని అప్పుడు నాకు తట్టలేదు. అంత పేరున్న చెవి ఆయనకుండగా.

పని రెండు రోజులు పట్టింది. నేను షెడ్డులోనే కూర్చున్నాను. బ్యాటరీ ముట్టుకునే ముందు చేతి ఉంగరం తీసి జేబులో వేసుకునేవాడు. "ముందు మైనస్" అని పైకే అనుకుని ఆ వైరు ముందు విప్పేవాడు. ఇరవై ఏళ్ళ పనిలో ప్రతిసారీ అలా పైకి అనుకున్నాడని వదిన చెప్పింది. విప్పిన నట్లు స్టీలు పళ్ళెంలో గడియారం అంకెల్లాగా వరసగా పెట్టేవాడు. ఏది ముందు విప్పాడో అది పన్నెండు దగ్గర. పాత బేరింగు ఊడదీశాక పారేయకుండా బండి ఓనరు అరచేతిలో పెట్టి, "తిప్పు, నీకే తెలుస్తది" అనేవాడు. కొత్తదీ తిప్పించేవాడు. నాకూ రెండూ తిప్పించాడు. ఆ పాత బేరింగు ఇప్పుడు నా బల్ల మీద ఉంది.

రెండో రోజు ఆయన వెనక కూర్చుని వాక్యం చదివి వినిపించడం మొదలుపెట్టాను. నా అలవాటు మీకు తెలిసిందే. దొరికిన చెవిని వదలను. ఒక అధ్యాయం పూర్తిగా చదివి, "అన్నా, ఇది ఒప్పుకుంటావా?" అన్నాను. జవాబు లేదు. మళ్ళీ అడిగాను. లేదు. షెడ్డు గోడకి ఆంజనేయస్వామి పటం ఉంది, దానికి పొద్దున పెట్టిన బంతిపువ్వు ఉంది. ఓహో, హృదయం కఠినం చేసుకున్నాడు అనుకున్నాను. నాలో అగ్గి లేచింది. గొంతు చించుకుని అరిచి, లేచి వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాను.

తలెత్తాడు. నా ముఖం చూసి పానా కింద పెట్టాడు. "కోపంగున్నవ్. ఏమన్న అన్నవా?" అన్నాడు.

చేతిలో గ్రంథం మూసేశాను.

చేతులు తుడుచుకుంటూ మెల్లగా చెప్పాడు. ఎడమ చెవి పదేళ్ళ కిందటే పోయింది. కుడిది పోయి రెండేళ్ళు. "డాక్టర్ చెప్పిండు, బయటి దారి మూసుకపోయిందంట. లోపలిది మంచిగనే ఉందంట. ఎముకకు ఆనిస్తే ఇంజన్ మంచిగ వినబడ్తది. మనిషి ముందుంటే పెదవులు జూసి అందుకుంట. ఎనక ఉంటే లేనట్టే."

చెప్పులెందుకు విప్పి బండెక్కేవాడో అప్పుడు తెలిసింది. పాదాలతో వినేవాడు.

"చెవికి మిషన్ పెట్టుకోవచ్చు కదన్నా?"

"చెవిల మిషన్ వెట్టుకున్నోని తాన సౌండ్ చూపిద్దామని నువ్వు బండి తెస్తవా?"

తెచ్చేవాణ్ణి కాదు.

"ఎవ్వరికి చెప్పకు. ఫిల్మ్ నగర్‌ల నన్ను చెవి కోసమే అడుగుతరు. చెవి లేదని తెలిస్తే చెయ్యి గూడ లేదనుకుంటరు. మా ఇంటామెకు, నీకు, గంతే."

"ప్రార్థన చేస్తాను" అన్నాను.

"చెయ్. మంచిదే గద. నీ దేవునికి నా సంగతి నువ్వు చెప్పు. మా దేవునికి నీ సంగతి నేను చెప్త. ఇద్దరు మాట్లాడుకుంటరు."

ఇంకో రోజు అయితే ఆ మాటకి గంట వాదించేవాణ్ణి. ఆ రోజు ఊరుకున్నాను.

శనివారం వచ్చింది. ప్రియులారా, ఆ స్పీకర్లు ఎంత స్వచ్ఛంగా పలికాయో! ఏడుపు లేదు, గురగుర లేదు. నా గొంతు డాబాల మీది దాకా, జూనియర్ ఆర్టిస్టులు ఉండే గదుల కిటికీల్లోకి, టీ బండ్ల దాకా వెళ్ళింది. వాక్యం అయింది. తర్వాత ఏం ఉంటుందో మీకు తెలుసు: ప్రార్థన మనవులు. ఫలానా సహోదరి మోకాళ్ళ నొప్పి, ఫలానా సహోదరుడి ఉద్యోగం. ఒక్కొక్కటి చదువుతాం, ఒక్కొక్కదానికీ గుంపు "ప్రభువా" అంటుంది. ముప్పై ఏళ్ళుగా మన అలవాటు. ఎవరి ఇంట్లో ఏముందో వీధంతటికీ తెలిసేది ఇలాగే. అందులో తప్పేముందని నేనెప్పుడూ అనుకోలేదు.

మనవులు రాసిచ్చిన చీటీలు అయిపోయాయి. ఇంకొకటి ఉందని చెప్పాను.

"ఈ స్పీకర్లు ఇవాళ ఇంత బాగా వినిపిస్తున్నాయంటే మన ఉస్తాద్ చేతి పని. కానీ ఆ ఉస్తాద్‌కి రెండు చెవులూ వినబడవని మీకెవరికైనా తెలుసా? ఆయన చెవులు తెరవబడాలని గట్టిగా ప్రార్థిద్దాం!"

నోరు జారిందని చెప్పుకోవచ్చు. జారలేదు. నాకు ఆయన మీద ప్రేమ ఉంది, అది నిజం. దాని పక్కనే ఇంకొకటి ఉంది. ఆయన చెవులు తెరుచుకుంటే ఎంత గొప్ప సాక్ష్యమో, ఆ సాక్ష్యం ఈ మూల మీద ఈ మైకులో చెప్పిస్తే ఎంతమంది వస్తారో అని నా లోపల ఒకడు సంతోషపడుతున్నాడు. గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని, రహస్యంలో ప్రార్థన చేయమనే మాట నేను చేత్తో పట్టుకున్న గ్రంథంలోనే ఉంది. ఆ పేజీ అంచు నా వేళ్ళు తగిలి తగిలి నల్లబడింది కూడా. అంతగా తిప్పాను ఆ పేజీ. చదవలేదు.

మంగళవారం కరపత్రాలు పట్టుకుని షెడ్డు వైపు వెళ్ళాను. రోడ్డుకి ఇవతల ఉండగానే ఒక ప్రొడక్షన్ మేనేజరు షెడ్డు ముందు నిలబడి ఉన్నాడు. ఏళ్ళుగా ఉస్తాద్ దగ్గరికి బండ్లు తెచ్చే మనిషే. రాబోయే షూటింగుకి తన బండ్లన్నీ ఉస్తాద్‌కే అప్పగిస్తానని మాటిచ్చిన మనిషి. ఉస్తాద్ ఆయనకి వీపు పెట్టి బండి మీద వంగి ఉన్నాడు. మేనేజరు మెల్లగా రెండడుగులు దగ్గరికి వెళ్ళి, ఆయన తల వెనక రెండు చేతులతో గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఒకసారి. ఇంకోసారి. టీ బండి దగ్గర అందరూ చూస్తున్నారు. ఉస్తాద్ తిరగలేదు. నట్టు బిగిస్తూనే ఉన్నాడు.

మూడోసారి కొట్టాక, బానెట్ పెయింటులో నీడ కదిలిందేమో, తిరిగాడు. చేతులు ఇంకా గాల్లోనే ఉన్న మేనేజర్ని చూశాడు. అర్థమైంది.

"ఏంటి ఉస్తాద్, మాకు చెప్పనే లేదు? మైకులో విన్నాం" అన్నాడు మేనేజరు. చెడ్డవాడు కాదు. ఆయన గొంతులో కూడా ఇబ్బంది ఉంది.

"నేను జూసినంక నీ బండ్లల్ల ఏదన్న ఒకటి మల్ల అరిసిందా?"

"లేదు. నేను కాదనడం లేదు. కానీ డైరెక్టరు గారు అడిగితే ఏం చెప్పమంటారు? సౌండు సంగతి వినబడని మనిషికి అప్పగించానని చెప్పనా?"

ఉస్తాద్ పానా పక్కన పెట్టాడు. అప్పుడు రోడ్డుకి ఇవతల నన్ను చూశాడు. చెయ్యెత్తి, వేళ్ళు గ్లాసు పట్టుకున్నట్టు పెట్టి, చాయ్ తాగుతావా అని సైగ చేశాడు.

నేను వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను.

షూటింగు బండ్లు ఆగిపోయాయి. మెల్లమెల్లగా కాదు, ఒక్క వారంలోనే. ఆ షెడ్డు ముందు తర్వాత ఆటోలు కనిపించేవి, పాత ట్యాక్సీలు కనిపించేవి. ఫిల్మ్ నగర్ నుంచి కొండ దిగి "ఉస్తాద్, ఏదో చప్పుడు" అంటూ వచ్చే కారు మళ్ళీ నేను చూడలేదు.

క్షమాపణ చెప్పడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ క్షమాపణ మీద వేరేవాళ్ళకి రెండు ప్రసంగాలు చేశాను. తొమ్మిదో రోజు వెళ్ళేసరికి ఒక ట్యాక్సీ ఇంజన్ ఆన్‌లో ఉంది. ఆయన స్క్రూడ్రైవర్ చెవి వెనక ఆనించుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆగాల్సింది. ఆగితే ధైర్యం పోతుందని భయపడ్డాను.

"అన్నా, తప్పు చేశాను. దాచమని ఇచ్చిన మాటని మైకులో పెట్టాను. నన్ను క్షమించు."

నేను చెప్పడం అయిపోయాక కళ్ళు తెరిచాడు. నా ముఖం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత టార్చిలైటు తీసి నా చేతికిచ్చాడు. "జర గీడ లైటు పట్టు" అన్నాడు.

పట్టాను. వెలుగు ఇంజన్ మీద అటూ ఇటూ ఊగుతోంది. గ్రీజు చేత్తో నా మణికట్టు పట్టుకుని నిలబెట్టాడు. అలాగే పట్టుకుని రెండో చేత్తో పని చేసుకున్నాడు.

ఇంజన్ ఆపాడు. నిశ్శబ్దం. ఆయన ముఖం నా ఎదురుగా ఉంది, పెదవులు చదవగలిగినంత దగ్గరగా. అప్పుడు మళ్ళీ చెప్పాల్సింది. వినలేదని నాకు తెలుసు. తెలిసీ, "టీ తాగుదామా అన్నా?" అన్నాను.

"తాగుదాం" అన్నాడు.

అక్కడి నుంచి ఆ బుధవారం దాకా దాదాపు మూడేళ్ళు. వారానికి రెండుసార్లయినా షెడ్డుకి వెళ్ళాను. వాళ్ళింట్లో భోజనం చేశాను. వ్యాను ఎన్నిసార్లు చూపించానో లెక్కలేదు. ప్రతిసారీ ముందు మైనస్, ప్రతిసారీ పళ్ళెంలో నట్ల గడియారం. ప్రతిసారీ, ఇవాళ చెబుతాను అనుకోవడం. ఆయన ఎదురుగా కూర్చుని నా పెదవుల మీదే కళ్ళు పెట్టి ఉన్నప్పుడు, ఆ పెదవులతో వర్షాల గురించి, మెట్రో గురించి, కృష్ణానగర్ అద్దెల గురించి మాట్లాడాను. వేల మంది ముందు భయపడని గొంతు నాది. ఒక్క మనిషి ముందు లేవలేదు.

ఎర్రగడ్డ దగ్గర శ్మశానానికి తీసుకెళ్ళిన రోజు నేను చివర నడిచాను. పాడె మోసినవాళ్ళలో ఎక్కువమంది ఆటో డ్రైవర్లు. ఒక మూల ఆ మేనేజరు కూడా ఉన్నాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని తల దించుకున్నాం.

పదకొండో రోజు దినం అయ్యాక, అందరూ వెళ్ళిపోయాక వదిన ముందు కూర్చుని మొత్తం చెప్పాను. శనివారం, మంగళవారం, తొమ్మిదో రోజు, ఇంజన్ ఆన్‌లో ఉండగా చెప్పిన మాట, ఆఫ్ అయ్యాక చెప్పని మాట. ఆవిడ విస్తరాకులు మడుస్తూ విన్నది.

"గది నాకెర్కనే తమ్మీ" అంది.

"ఏది వదినా?"

"నువ్వు చెప్పిన దినం ఇంటికొచ్చి చెప్పిండు. ఇంజన్ ఆన్ ఉండె, నువ్వేమన్నవో వినరాలేదంట. కండ్లు తెరిసేసరికి నీ నోరు ఆగిపోయిందంట. ముఖం జూస్తే ఎర్కయింది అన్నడు. మరి మల్ల చెప్పుమని అడగరాదా అన్న నేను." ఆవిడ ఆకుల మడత మీద చెయ్యి పెట్టి ఆగింది. "'ఒక్కపారి చెప్పెతందుకే తొమ్మిది దినాలు పట్టింది ఆ మనిషికి. రెండోపారి తల ఎందుకు వంచాలె' అన్నడు."

నేను ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు.

"ఆయనకు కోపం లేకుండె" అంది. "నాకుండె. ఇంక జరంత ఉంది. పోతది తీ."

ఈ సంగతి శనివారం మైకులో అందరి ముందు ఒప్పుకుంటానని అన్నాను. మైకులో చేసిన తప్పు మైకులోనే కడగాలని నా వాదన. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "మల్ల మైకా? ఆయన చెవుల సంగతి మల్ల ఆ మూల మీద ఇనుమంటవా నన్ను? రాసుకో నీ పుస్తకంల. పేరు రాయకు." అందుకే ఇది ఇక్కడ రాశాను, అందుకే ఆయన పేరు లేదు.

చదివే మీలో మనవులు చదివే నాలాంటివాళ్ళు ఉంటారు. మీకొక్క మాట. ఇంకొకరి గాయాన్ని, వాళ్ళు ఇవ్వకుండా, మైకులో పెట్టి దానికి ప్రార్థన అని పేరు పెట్టకండి. నేను పెట్టాను. ఆ స్పీకర్లని అంత స్పష్టంగా పలికేలా చేసింది ఆ చేతులే. బాగుపడి పలికిన మొదటి రోజునే వాటితో ఆయన అన్నం తీసేశాను.

లేచేటప్పుడు వదిన షెడ్డు తాళంచెవి ఇచ్చింది. లోపల ఎవరిదో బండి ఉండిపోయిందని, ఓనరుకి ఫోన్ చేసి అప్పగించమని.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. షట్టరు ఎత్తాను. తెల్ల కారు, బానెట్ ఎత్తి ఉంది. పళ్ళెంలో నట్లు పన్నెండు నుంచి అయిదు దాకా వరసగా ఉన్నాయి. ఆంజనేయస్వామి పటం దగ్గర బంతిపువ్వు ఎండి నల్లబడింది. స్క్రూడ్రైవర్ కారు అంచు మీద పెట్టి ఉంది. మంగళవారం సాయంత్రం దాకా ఆయన ఇక్కడే ఉన్నాడు. బెల్టు తీశాడు, ఒక్క నిమిషం ఇంజన్ నడిపాడు, విన్నాడు. ఎవరి తప్పు కాదో తేల్చుకున్నాడు. ఎవరిదో కూడా తెలిసే ఉంటుంది. అది ఆయనతోనే పోయింది.

ఓనరుకి ఫోన్ చేశాను. అరగంటలో వస్తానన్నాడు.

షట్టరు లోపలి నుంచి కిందికి లాగాను. చీకటి కాదు, కింద సందులోంచి వెలుగు ఒక గీతగా నేల మీద పడింది. బయట ఆటోలు పోతున్నాయి. ఇంజన్ ఆగి ఉంది. మైకు లేదు. ఆయన ఎప్పుడూ నిలబడే చోటు ఎదురుగా, నా పెదవులు కనిపించేటట్టుగా నిలబడి, రెండోసారి చెప్పాను. నా గొంతు అంత చిన్నగా ఉంటుందని నాకు తెలియదు.

గోడకి మేకు మీద బెల్టు వేలాడుతోంది, ఆయన తగిలించినది తగిలించినట్టుగా.